గజ్జెలకు చోటున్న కాలేజీ ఏది?

మే నెల వచ్చిందంటే నాకు వరుసగా ఫోన్లు వస్తాయి. "అమ్మాయి పదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోందండీ. నాట్యంలో డిగ్రీ చేయించే ఉద్దేశం లేదు, ఇంజనీరింగే చదువుతానంటోంది. కానీ నాట్యం ఆగిపోకూడదు. ఏ కాలేజీలో చేర్పిస్తే బాగుంటుంది?" అని అడుగుతారు. ఎక్కువగా తల్లులు, అప్పుడప్పుడు తండ్రులు. ఎప్పుడో ఒకసారి ఆ పిల్లే మాట్లాడుతుంది. అలా పిల్ల గొంతు వినబడిన రోజు నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్నాను. నేనూ ఇంజనీరింగ్ చదివినదాన్నే. హాస్టల్‌కు వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టెలో, తరంగం అనే నృత్యాంశానికి వాడే ఇత్తడి పళ్లెం పెట్టుకుని వెళ్లాను. పళ్లెం అంచు మీద పాదాల వేళ్లు బిగించి, దాన్ని నేల మీద జరుపుతూ తాళం తప్పకుండా ఆడడానికి నాకు నాలుగేళ్ల సాధన పట్టింది. ఆ కాలేజీలో నాలుగేళ్లలో దాన్ని బయటికి తీసింది పట్టుమని పదిసార్లు కాదు. చదువు పూర్తయి ఇంటికొచ్చాక పెట్టె తెరిస్తే పళ్లెం నల్లబడి ఉంది. చింతపండు పెట్టి తోమితే పళ్లేనికి మెరుపు వచ్చింది, కాళ్లకు మాత్రం మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఈ ఫోన్లను నేను తేలిగ్గా తీసుకోలేను.

వాళ్లడిగే ప్రశ్న ఒకటిగా కనిపిస్తుంది కానీ అందులో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. నాట్యంలో పట్టా ఒకటి. నాట్యం వల్ల వచ్చే సీటు ఇంకొకటి. నాట్యానికి దొరికే వేదిక మూడోది. నాట్యంలో శిక్షణ నాలుగోది. పట్టా వద్దని ముందే తేల్చుకున్నారు కనుక దాన్ని పక్కన పెడదాం. మిగిలిన మూడింటిని విడదీయకుండా కాలేజీ వెతికితే, వేదిక చూసి అదే శిక్షణ అనుకుని మోసపోతాం.

వేదిక వేరు, శిక్షణ వేరు

కాలేజీ ప్రచార పుస్తకం తెరిస్తే పట్టుబట్టలు కట్టుకున్న నలుగురు అమ్మాయిల ఫొటో ఉంటుంది. కల్చరల్ క్లబ్ ఉంది, ఏటా ఉత్సవం ఉంది, పెద్ద ఆడిటోరియం ఉంది అంటారు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ ఫొటోలోని అమ్మాయిలు ఆ నాట్యాన్ని ఎక్కడ నేర్చుకున్నారని అడగండి. అందరూ ఇంటి దగ్గర, కాలేజీకి రాకముందు నేర్చుకున్నవారే. కాలేజీ వాళ్ల నాట్యాన్ని వాడుకుంటోంది, పెంచడం లేదు.

ఇందులో పిల్లలకు వెంటనే అర్థం కాని నష్టం ఒకటుంది. క్లబ్బులో చేరిన మొదటి నెలలోనే, బాగా నేర్చుకుని వచ్చిన అమ్మాయి మిగతావారికి నేర్పే మనిషి అయిపోతుంది. ప్రారంభోత్సవానికి గణపతి పాట, వార్షికోత్సవానికి మూడు నిమిషాల సినిమా పాట, ఎవరో అతిథి వస్తే స్వాగత నృత్యం. ప్రతిసారీ పది పన్నెండు మంది కొత్తవాళ్లను వరుసలో నిలబెట్టి పది రోజుల్లో తయారు చేయాలి. ఆమెకు పేరొస్తుంది, సంతోషంగానూ ఉంటుంది. కానీ ఆమె తప్పును చూసేవారు ఆ గదిలో ఎవరూ లేరు. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు తెరిచి వంచి నిలబడే భంగిమ, నెమ్మదిగా పైకి లేస్తుంది. మూడో కాలంలో, అంటే అన్నిటికన్నా వేగంగా ఆడేటప్పుడు, మడమ నేలను తాకడం మానేస్తుంది. చేయి వెళ్లిన చోటికి చూపు అర మాత్ర ఆలస్యంగా వెళ్తుంది. అద్దంలో ఇవి కనబడవు, వీడియోలో కూడా సొంత కంటికి కనబడవు. వెనక నుంచి "మోకాళ్లు తెరువు" అనే గొంతు ఒకటి కావాలి. ఆ గొంతు వారానికి ఒక్కసారైనా వినబడుతోందా లేదా అన్నదే నా దృష్టిలో శిక్షణకూ కాలక్షేపానికీ ఉన్న గీత.

వేదికల్లో కూడా అన్నీ ఒకటి కాదు. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో శాస్త్రీయ నృత్యం వ్యక్తిగత అంశంగా ఉంటుంది. జోన్ స్థాయిలో గెలిచి జాతీయ స్థాయికి వెళ్లాలి. పావుగంట ఒక్కరే నిలబడి ఆడాలి, చూసేవాళ్లు నాట్యం తెలిసినవాళ్లు. దానికి తయారవడం అంటే గురువు దగ్గరకు పరుగెత్తడమే. కాబట్టి ఒక విశ్వవిద్యాలయం గురించి విచారించేటప్పుడు "ఫెస్ట్ ఎంత ఘనంగా చేస్తారు" అని కాక "యువజనోత్సవాలకు జట్టును పంపుతారా, నిరుడు శాస్త్రీయ నృత్యానికి ఎవరు వెళ్లారు" అని అడగండి. పేరు చెప్పగలిగితే ఆ విద్యార్థినితో ఒక్కసారి మాట్లాడండి. ప్రిన్సిపాల్‌తో గంట మాట్లాడినా తెలియని సంగతులు ఆ పిల్ల పది నిమిషాల్లో చెబుతుంది.

నాట్యం వల్ల సీటు వస్తుందా

మన ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో రాదు. క్రీడలకు, ఎన్‌సీసీకి, సైనికుల పిల్లలకు ప్రత్యేక కేటగిరీలు ఉన్నాయి, కళలకు లేదు. ఎన్ని పతకాలున్నా సర్టిఫికెట్లు ఫైలులోనే ఉంటాయి.

అయితే తలుపు తెరిచి ఉన్న చోట్లు రెండు చెబుతాను. మద్రాసు ఐఐటీ 2025-26 నుంచి లలితకళల్లో ప్రతిభ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశాలు మొదలుపెట్టింది. ఒక్కో డిగ్రీ కోర్సులో రెండేసి అదనపు సీట్లు, వాటిలో ఒకటి అమ్మాయిలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు జాబితాలో పేరు ఉండి తీరాలి. ఆ తర్వాత జాతీయ స్థాయి గుర్తింపులను బట్టి మార్కులు వేసి వరుస నిర్ణయిస్తారు. చిన్నప్పుడు సీసీఆర్‌టీ (కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం) ఉపకారవేతనం వచ్చిందా, బడి పిల్లల జాతీయ కళా పోటీ అయిన కళా ఉత్సవ్‌లో బహుమతి వచ్చిందా అన్నవి ఇక్కడ పనికొస్తాయి. కాలనీ పోటీల కప్పులు లెక్కలోకి రావు. ఇంజనీరింగ్ చదువుకు వెళ్లే దారిలో నాట్యాన్ని ఒక యోగ్యతగా ఒక ఐఐటీ లెక్కలోకి తీసుకోవడం చిన్న విషయం కాదు. ఆ వార్త చదివిన రోజు నా విద్యార్థినులందరికీ పంపాను.

రెండోది ఢిల్లీ విశ్వవిద్యాలయం. అక్కడ పాఠ్యేతర ప్రతిభ కోటాలో నృత్యం ఉంది, అందులో శాస్త్రీయ నృత్యానికి వేరే విభాగం ఉంది. ప్రవేశ పరీక్ష మార్కులకు 25 శాతం, ప్రదర్శన పరీక్షకూ సర్టిఫికెట్లకూ కలిపి 75 శాతం విలువ ఇస్తారు. అలా సీటు తీసుకున్నవారు చదివినన్నాళ్లూ కాలేజీ తరఫున ప్రదర్శనలు ఇస్తామని హామీపత్రం రాసివ్వాలి. గణితమో ఆర్థికశాస్త్రమో చదవాలనుకునే పిల్లలకు ఇది మంచి దారి.

అయితే ఈ రెండు చోట్లా దొరికేది సీటు. సీటుతో పాటు గురువును ఎవరూ ఇవ్వరు. చెన్నైలో ఆ కొరత తీర్చుకోవడం తేలిక. ఐఐటీ నుంచి అడయార్, తిరువాన్మియూర్ దగ్గరే. రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన నృత్య విద్యాలయం కళాక్షేత్ర అక్కడుంది. వెంపటి చినసత్యం గారు 1963లో ప్రారంభించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ అదే నగరంలో ఉంది. ఆ అకాడమీ శిష్యులు, వారి శిష్యులు నగరమంతా నేర్పుతున్నారు. మార్గళి మాసం వస్తే రోజుకు రెండు కచేరీలు చూడవచ్చు. ఒక్క చిక్కు ఏమిటంటే సెమిస్టరు పరీక్షలు కొన్ని కాలేజీల్లో సరిగ్గా ఆ డిసెంబరు మీదే పడతాయి.

ముందు గురువు, తర్వాత ఊరు, ఆ తర్వాతే కాలేజీ

తల్లిదండ్రులు సాధారణంగా కాలేజీని నిర్ణయించుకుని, ఆ చుట్టుపక్కల డాన్స్ టీచర్ ఉందా అని వెతుకుతారు. నేను దీన్ని తిరగేయమంటాను. ర్యాంకును బట్టి నాలుగైదు కాలేజీలు ఎలాగూ అందుబాటులో ఉంటాయి, వాటి మధ్య చదువులో తేడా పెద్దగా ఉండదు. ఆ నాలుగైదింటిలో ఏది మంచి గురువుకు దగ్గరో అది తీసుకోండి.

హైదరాబాదునే తీసుకుందాం. ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు నగరం అంచుల్లో ఉన్నాయి, ఘట్‌కేసర్ దారిలో, ఇబ్రహీంపట్నం వైపు, మేడ్చల్, మొయినాబాద్ వైపు. పేరున్న గురువుల తరగతులేమో నగరం లోపల. ఉదయం ఏడున్నరకు కాలేజీ బస్సు ఎక్కిన పిల్ల సాయంత్రం ఆరు దాటాక ఇంటికి చేరుతుంది. అక్కడి నుంచి ఇంకో గంట ప్రయాణం చేసి తరగతికి వెళ్లాలంటే మొదటి సెమిస్టరు అయ్యేలోపే మానేస్తుంది. ఆ పిల్లకు శ్రద్ధ లేదని ఇంట్లో అంటారు. శ్రద్ధ ఉంది, రోజులో గంటలు లేవు. రెండు వందల ర్యాంకుల కింద ఉన్న కాలేజీ అయినా ఇంటికీ తరగతికీ మధ్య దారిలో ఉంటే అదే మేలని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

చాలామందికి తట్టని వనరు ఒకటుంది, ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు. పేరులో కళాశాల అని ఉంది కాబట్టి అక్కడ చేరాలంటే చదువు మానుకోవాలేమో అనుకుంటారు. అలా కాదు. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా కోర్సులు వేరే చదువు చదువుకుంటూనే చేయవచ్చు. హైదరాబాదులో రాంకోఠిలోని త్యాగరాజ కళాశాల, సికింద్రాబాదులోని భక్త రామదాసు కళాశాల సాయంత్రం విద్యార్థులతో కళకళలాడుతుంటాయి. ఫీజు ప్రైవేటు తరగతులతో పోలిస్తే చాలా తక్కువ. విజయవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావు పేరిట ఉన్న కళాశాల, విజయనగరంలో 1919లో పుట్టి ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న మహారాజా కళాశాల, తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఈ కోవలోవే. విజయనగరం, తిరుపతి లాంటి ఊళ్లలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ, నృత్య కళాశాల, హాస్టల్ అన్నీ ఒక ఆటో ప్రయాణంలో ఉంటాయి. మహానగరంలో ఉంటేనే కళ అబ్బుతుందనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం మరో రకం. అక్కడ సరోజినీ నాయుడు కళల విభాగంలో నృత్యంలో పీజీ ఉంది. ఐదేళ్ల సమీకృత కోర్సులో భౌతికశాస్త్రమో చరిత్రో చదివే పిల్లకు ఆ తరగతుల్లో కూర్చునే హక్కు దానంతట అది రాదు. కానీ అదే ప్రాంగణంలో నాట్యమే ప్రాణంగా బతికే పాతికమంది ఉంటారు. సాయంత్రం వాళ్లు సాధన చేసే చోటికి వెళ్లి కూర్చుంటే, నాలుగు రోజుల్లో వాళ్లే పిలుస్తారు. తోటివాళ్ల ఊపు అనేది గురువు తర్వాత అంత విలువైనది.

కూచిపూడి గ్రామం గురించీ అడుగుతారు. విజయవాడ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడం కుదిరే పని కాదు. కానీ అక్కడి సిద్ధేంద్ర యోగి కళాపీఠం వైపు వేసవిలో ఒకసారైనా వెళ్లి, ఊళ్లోని గురువుల దగ్గర కొన్నాళ్లు కూర్చుని భామాకలాపంలోని ప్రవేశ దరువు ఒక్కటి నేర్చుకుని వస్తే, నగరంలో నేర్చుకున్న పది అంశాలకు అర్థం తెలుస్తుంది. అమరావతి చుట్టుపక్కల కొత్తగా వచ్చిన విశ్వవిద్యాలయాల్లో చదివేవారికి ఇది బస్సు దూరమే.

గురువు మారడం

ఊరు మారితే గురువు మారక తప్పదు. దీన్ని పిల్లలు ద్రోహంలా భావించి, ఎవరికీ చెప్పకుండా కొత్తచోట చేరి, అది పాత గురువుకు మూడో మనిషి ద్వారా తెలిసి, ఇద్దరూ నొచ్చుకున్న సందర్భాలు నాకు తెలుసు. ముందే వెళ్లి, పండూ తాంబూలమూ పెట్టి, "ఫలానా ఊరు వెళ్తున్నాను, ఎవరి దగ్గర చేరమంటారు?" అని అడగండి. నూటికి తొంభైమంది గురువులు ఒక పేరు చెబుతారు, వాళ్లే ఫోన్ చేసి అప్పగిస్తారు కూడా. ఆ అప్పగింతతో వెళ్లిన పిల్లను కొత్త గురువు చూసే చూపే వేరు.

కొత్త గురువు మొదట అడుగుల నుంచి మళ్లీ మొదలుపెట్టిస్తారు. పదేళ్లు నేర్చుకుని, రంగప్రవేశం చేసి వచ్చిన పిల్లకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. ఒక్కో బాణీలో చేయి ఎత్తు వేరు, నడుము వంపు వేరు, జతి (తకధిమి లాంటి లయ పలుకులు) చెప్పే తీరు వేరు. ఆరు నెలలు ఓపిక పట్టమంటాను. రెండు బాణీలు ఒంటికి పట్టిన వాళ్లకు తమ బాణీ ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

అసలు కూచిపూడి గురువే లేని ఊరైతే? రాజస్థాన్‌లోనో జార్ఖండ్‌లోనో సీటు వచ్చిన పిల్లల సంగతి ఇది. అక్కడ కథక్ దొరుకుతుంది, భరతనాట్యం దొరకవచ్చు. అందులో చేరాలా అంటే, తెలుసుకోవడానికి చేరవచ్చు కానీ కూచిపూడికి బదులుగా చేరవద్దంటాను. ఆ నాలుగేళ్లూ కర్ణాటక గాత్రమో, తాళం వేస్తూ జతులు పలికి నాట్యాన్ని నడిపించే నట్టువాంగమో నేర్చుకుంటే నాట్యానికి ఎక్కువ మేలు. తాను ఆడే అంశాన్ని తాను పాడగలిగిన నర్తకి కాలు ఎన్నడూ తడబడదు. ఇంటి గురువు దగ్గర ఫోనులో పాఠం కొనసాగించవచ్చు. అయితే దాని హద్దు తెలుసుకోవాలి. ఫోనులో శబ్దం క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి గురువు తాళం వేస్తుంటే పిల్ల ఆడడం కుదరదు. పిల్ల తన దగ్గర తాళం పెట్టుకుని ఆడాలి, గురువు చూడాలి. కెమెరా దూరంగా పెడితే కళ్లు కనబడవు, దగ్గరగా పెడితే పాదాలు కనబడవు. అందుకే ఫోను పాఠాలను అభినయానికి, అభినయమే ప్రధానమైన పదాలు, జావళులు అనే పాటలకు వాడుకోండి. జతులూ, వాటిని ముగించే తీర్మానాలూ సెలవుల్లో ఎదురుగా నిలబడి సరిదిద్దుకోవాలి.

నేల, తాళంచెవి, హాస్టల్ గేటు

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు ల్యాబులు, క్యాంటీను, గదులు చూస్తారు. మీరు నేల కూడా చూడండి. మనది చెప్పుల్లేకుండా నేలను గట్టిగా తట్టే నాట్యం. కాంక్రీటు మీద వేసిన పాలరాయి, నున్నటి టైల్సు మీద రోజూ గంటసేపు తట్టితే ఆరు నెలల్లో కాలి ముందు ఎముక నొప్పి మొదలవుతుంది, ఆ తర్వాత మోకాలు. చెక్క నేల, కింద కాస్త ఖాళీ ఉన్న వేదిక మంచిది. ఆడిటోరియం వేదిక అలాంటిదే అయితే అది వాడుకోనిస్తారా అన్నది తర్వాతి ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్న దాంట్లో ఉంటుంది. పెద్ద ఆడిటోరియం ఉన్న కాలేజీలో విద్యార్థిని ఒక్కతే వెళ్లి సాధన చేయాలంటే మూడు సంతకాలు కావాలని చెప్పిన సందర్భాలు విన్నాను. చిన్న యోగా గది ఉన్న కాలేజీలో కాపలా మనిషి పొద్దున ఐదున్నరకే తెరిచిపెట్టడమూ చూశాను. ఏ గది, ఏ పూట, ఎవరు తెరుస్తారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పగలిగిన చోట పిల్ల సాధన సాగుతుంది.

అమ్మాయిల హాస్టళ్లలో సాయంత్రం గేటు వేసే సమయం ఇంకో గోడ. ఆరున్నరకో ఏడుకో గేటు పడితే సాయంత్రం తరగతి నుంచి ఎలా రావాలి? అదే కాలేజీలో అబ్బాయిల హాస్టల్‌కు తొమ్మిదింటి దాకా గేటు తెరిచే ఉంటుంది. ఈ తేడా వల్ల ఎంతమంది అమ్మాయిల నాట్యం ఆగిపోయిందో తలచుకుంటే నాకు కోపం వస్తుంది. చేరక ముందే గురువు ఇచ్చిన పత్రంతో, తల్లిదండ్రుల సంతకంతో వారానికి రెండు రోజులు ఆలస్యంగా వచ్చే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. చేరాక అడిగితే దొరకదు.

అబ్బాయిలకు గేటు సమస్య లేకపోయినా చూపుల సమస్య ఉంది. తరాల తరబడి మగవారే స్త్రీ పాత్రలు కట్టి నిలబెట్టిన నాట్యం ఇది. అయినా కాలేజీలో అబ్బాయి గజ్జెలు కట్టితే నవ్వేవాళ్లు ఉన్నారు. ఆ అబ్బాయిలకు నేను చెప్పేది ఒక్కటే, మొదటి నెలలోనే వేదిక ఎక్కి పళ్లెం మీద తరంగం ఆడెయ్యమని. ఆ తర్వాత ఎవరూ నవ్వరు.

హాజరు లెక్క కూడా ముందే వేసుకోవాలి. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి, తగిన కారణం చూపితే 65 వరకు మినహాయిస్తారు. పొరుగూరి ప్రదర్శనకు ఒక రోజు ప్రయాణం, ఒక రోజు రిహార్సల్, ఒక రోజు కార్యక్రమం, మళ్లీ తిరుగు ప్రయాణం. సెమిస్టరుకు రెండు ప్రదర్శనలు, ఒక జ్వరం కలిస్తే హద్దు దగ్గరకు వచ్చేస్తాం. మెడిసిన్ చదివేవారికి హాస్పిటల్ డ్యూటీలు మొదలయ్యాక ఈ వెసులుబాటు కూడా ఉండదు. వాళ్లు మొదటి రెండేళ్లలోనే వీలైనంత నేర్చేసుకుని, చివరి ఏళ్లలో నేర్చినది నిలుపుకునే సాధనతో సరిపెట్టుకోవాలి.

కాగితాలు

సర్టిఫికెట్ పరీక్షలు రాయాలా అని అడుగుతారు. రాయమనే అంటాను, కాగితం కోసం కాదు, గడువు కోసం. ప్రభుత్వ పరీక్ష గానీ గాంధర్వ మహావిద్యాలయ మండలి పరీక్ష గానీ ఒక తేదీ పెడుతుంది. ఆ తేదీ లేకపోతే బీటెక్ పరీక్షలే జీవితాన్ని నడిపిస్తాయి. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతించింది. వేళలు ఢీకొనకపోతే రెండూ తరగతికి వెళ్లి చదవవచ్చు, లేదా ఒకటి దూరవిద్యలో చేయవచ్చు. వృత్తివిద్యా కోర్సులకు ఆయా మండళ్ల నిబంధనలు కూడా చూసుకోవాలి. బీటెక్ మొదటి రెండేళ్లలో ఇంకో డిగ్రీ నెత్తిన పెట్టుకోవద్దని నా సలహా.

డబ్బు విషయంలో ఒకటి తెలుసుకోండి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉపకారవేతనం ఇస్తుంది. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. సరిగ్గా కాలేజీ వయసుకు పెట్టిన పథకం ఇది. గురుదక్షిణ, రానుపోను ఖర్చులు ఇందులోంచే తీరిపోతాయి. దరఖాస్తు చేసేవాళ్లే మన దగ్గర తక్కువ.

అమెరికాలో తెలుగు పిల్లలు

అక్కడి తెలుగు ఇళ్లలో పదహారు, పదిహేడేళ్లకు రంగప్రవేశం ఘనంగా జరుగుతుంది, మరుసటి ఏడు పిల్ల వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్తుంది. ఆ రెంటికీ మధ్య వచ్చే వేసవిలో నాకు అటునుంచీ ఫోన్లు వస్తాయి. అక్కడ పద్ధతి వేరు. విశ్వవిద్యాలయాల్లో నృత్య విభాగాలుంటాయి, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్ల కూడా నృత్య తరగతిని క్రెడిట్ల కోసం తీసుకోవచ్చు. చూడవలసినవి రెండు. నృత్యం మేజర్‌గా తీసుకోనివారికి పై స్థాయి తరగతుల్లో చోటు ఇస్తారా, ప్రారంభ తరగతుల వరకేనా? ప్రదర్శన బృందాల ఎంపికకు అందరూ రావచ్చా? ప్రిన్స్‌టన్‌లో అసలు నృత్యం మేజరే లేదు, మైనర్ మాత్రమే ఉంది. అంటే అక్కడి నర్తకులందరూ వేరే ఏదో చదువుతున్నవారే. అలాంటి చోట మేజర్ కానివారు రెండో వరుసలో నిలబడాల్సిన అవసరం ఉండదు.

అయితే ఆ విభాగాల్లో బ్యాలే, ఆధునిక నృత్యమే ప్రధానం. మన నాట్యం పాఠ్యాంశంగా ఉన్నవి కొద్ది. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయం వాటిలో పేరున్నది. 1960లలో బాలసరస్వతి గారు అక్కడ భరతనాట్యం నేర్పారు. ఆ ఆనవాయితీ ఇప్పటికీ కొనసాగుతోంది. మిగతా చోట్ల విద్యార్థుల బృందాలే దిక్కు. స్టాన్‌ఫర్డ్‌లో నూపుర్, ఎంఐటీలో నాట్య, మిషిగన్‌లో సహానా అలాంటివి. శాస్త్రీయ నృత్యాన్ని నిష్ఠగా చేస్తారు. అయినా విద్యార్థులు విద్యార్థులకు నేర్పుకునే పద్ధతే కనుక, పైన చెప్పిన లోటు అక్కడా ఉంటుంది. కూచిపూడి వారికి ఇంకో దారి ఉంది. 2016లో కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో మొదలైన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడిలో కోర్సులు నడుపుతోంది. నృత్యం పాఠ్యాంశంగా దొరకని కాలేజీలో చదివే తెలుగు పిల్లకు ఆ వైపు చూడటం మంచిది.

ఆగిపోయిన చోటి నుంచి

నిజానికి చాలామంది పిల్లల నాట్యం కాలేజీలో ఆగదు, అంతకు రెండేళ్ల ముందే ఆగుతుంది. పదో తరగతి సెలవుల్లో రంగప్రవేశం చేయించి, గజ్జెలు మూటగట్టి, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తారు. అక్కడ తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రి పదింటి దాకా సాగుతుంది. కాబట్టి "కొనసాగించడం" అని మీరంటున్నది, అసలు మళ్లీ మొదలుపెట్టడం. ఎంసెట్ అయిన మరునాటికీ కాలేజీ తరగతులు మొదలయ్యే నాటికీ మధ్య దాదాపు మూడు నెలలు ఉంటాయి. ఆ మూడు నెలలూ అంశాలు వద్దు, అడుగులే. మొదటి కాలం, రెండో కాలం, రోజుకు నలభై నిమిషాలు. తొడలూ మడమలూ కుదుటపడ్డాకే మూడో కాలం.

ఇదంతా సాధ్యమేనా అని అనుమానించే తల్లిదండ్రులకు ఇద్దరి పేర్లు చెబుతాను. మల్లికా సారాభాయ్ అహ్మదాబాద్ ఐఐఎంలో ఎంబీఏ చేశారు, కూచిపూడి సి.ఆర్. ఆచార్యులు గారి దగ్గర నేర్చుకున్నారు. ఆనంద శంకర్ జయంత్ గారు రైల్వేలో ట్రాఫిక్ అధికారిగా ఉద్యోగం చేస్తూనే భరతనాట్యం, కూచిపూడి రెండింటిలోనూ ఆడి, నేర్పి, 2007లో పద్మశ్రీ అందుకున్నారు.

నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి నిరుడు ఊరికి దూరంగా ఉన్న ఒక కాలేజీలో చేరింది. గురువు ఉన్న పట్నం అక్కడికి గంట దూరం, శని, ఆదివారాలు వెళ్లి వస్తోంది. మిగతా రోజుల్లో సాధనకు చోటు లేదు. మొదటి వారంలోనే వార్డెన్‌ను కలిసి హాస్టల్ డాబా తాళంచెవి పొద్దున ఐదున్నర నుంచి ముప్పావు గంట ఇచ్చేలా ఒప్పించింది. వ్యాయామం చాపలు కింద పరిచి, పైన రెండు ప్లైవుడ్ పలకలు వేసి, వాటిని టేపుతో కలిపి నేల తయారు చేసుకుంది. వర్షం వస్తుందనుకుంటే రాత్రే వాటిని మెట్ల గదిలోకి చేరుస్తుంది. మొన్న ఫోన్ చేసి, "టీచర్, పలకల మీద పళ్లెం జారిపోతోంది, ఏం చేయమంటారు?" అని అడిగింది. పలకల మీద గోనెగుడ్డ బిగించి కట్టి చూడమని చెప్పాను. ఇంకా ఫోన్ రాలేదు.